అరణపు బర్రె, అంకాపూర్ మోటర్‌సైకిల్

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సులో నిలబడే తిరిగినవాడికి, రిటైరయ్యాక కూర్చుని తిరిగే బండి మీద మోజు పుడితే అందులో వింతేమీ లేదని నేననుకున్నాను. ఇంట్లోవాళ్ళకు మాత్రం వింతగానే కనిపించింది. కండక్టర్‌గా నేను చూడని ఊరు లేదని బంధువులంటారు. నిజానికి నేను చూసినవన్నీ బస్టాండులే. బోర్డు మీద ఏ ఊరి పేరుంటే ఆ ఊరికి పోయి, టీ తాగి, అదే దారిన తిరిగి రావడమే తప్ప, నచ్చినచోట ఆగి ఈ పక్కదారి ఎక్కడికి పోతుందో అని చూసిన పాపాన పోలేదు. అందుకే పెర్కిట్‌లో రాజేశ్వర్ అనే అతని దగ్గర పాత టూరింగ్ మోటర్‌సైకిల్ ఒకటి అమ్మకానికి ఉందని టీకొట్టులో వినగానే పనిగట్టుకుని పోయాను.

రాజేశ్వర్ మస్కట్‌లో డ్రైవరు. సెలవు మీద వచ్చి ఉన్నాడు, తొందర్లోనే మళ్ళీ పోతాడు. బండిని రేకుల షెడ్డులో నిలబెట్టి పైన పాత చీర కప్పాడు. చీర తీయగానే బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ఇద్దరు కాళ్ళు చాపుకుని కూర్చునేంత పొడుగు సీటు, ముందు గాలి తగలకుండా నిలువెత్తు అద్దం, వెనక రెండు పక్కలా ఇనుప పెట్టెలు. రంగు వెలిసింది, అద్దం మూల చిన్న బీట ఉంది, అయినా కిక్ కొట్టగానే పలికింది. పక్క చేన్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి వాసన, వేడెక్కిన ఇంజను వాసన ఒకేసారి ముక్కుకు తగిలేసరికి నా లోపల ఏదో పాత తలుపు కదిలింది. ఏ తలుపో అప్పుడు తెలియలేదు. తిప్పి చూడమన్నాడు, మామిడిపల్లి దాకా పోయి వచ్చాను. దిగబుద్ధి కాలేదు.

"కాకా, పైసలిచ్చినా సరే, మీ ఇంట్ల ఉన్న స్కూటరిచ్చినా సరే" అన్నాడు రాజేశ్వర్. "నేను పోయినంక గీ బండి ఎవలు నడుపుతరు? మా ఆమెకు పిల్లలను బడికాడ దింపెతందుకు నీ స్కూటరసొంటిదే కావాలె."

"ఇంకేం, స్కూటర్ తీస్కో" అన్నాను. అంత తొందరగా నా జీవితంలో టికెట్ కూడా ఇవ్వలేదు. రెండు మూడు రోజుల్లో మాట ఖాయం చేసుకుందామని చెప్పి ఇంటికి వచ్చాను.

మా ఆవిడ సుజాత అంగన్‌వాడీ టీచరు. ఆ స్కూటర్ మీదే రోజూ సెంటర్‌కు పోయి వస్తుంది. సంగతి విని హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"స్కూటర్ ఎవల్దయ్యా?"

"మనదే గద."

"మనదెట్లయితది? నా జీతంల కొనుక్కున్న. నువ్వు ఎన్నడన్న దాన్ని కడిగినవా? ముందుగాల నన్నొక్క మాట అడగొద్దా?" అన్నది. నేను నసుగుతుంటే ఆవిడే మళ్ళీ, "సరే, అదట్ల ఉండనియ్యి. గంత పెద్ద బండేస్కొని ఎక్కడికి పోదామని?" అని అడిగింది.

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అనేవాడిని. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. శ్రీశైలం, గోవా, కన్యాకుమారి అని నోటికొచ్చిన ఊళ్ళు చెప్పాను గానీ, ఏ ఊళ్ళోనూ నాకు పని లేదని చెబుతున్నప్పుడే తెలిసిపోతోంది. ఆ రోజంతా ఆ ప్రశ్న వెంటబడింది. దాంతోపాటే, పెర్కిట్ షెడ్డులో కదిలిన తలుపు ఏదో కూడా తెలిసింది. మా ఇంటి ముందు ఒకప్పుడు ఇలాంటి బండే నిలబడింది. దాన్ని తీసుకోవాలా వద్దా అన్న తగువులో మా ఇల్లంతా రెండు రోజులు ఊపిరి బిగపట్టింది.

మా ఇల్లు అప్పుడు సిద్ధులగుట్ట దిక్కున, నల్లబండల కింద ఉండేది. మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం, అమ్మను అవ్వ. బాపు మార్కెట్‌లో దడ్వాయి, అంటే రైతులు తెచ్చిన పసుపును కాంటా మీద తూచేవాడు. పసుపు సీజన్లో ఆయన ఇంటికి వచ్చేముందే వాసన వచ్చేది. కనుబొమలు, చెవి తమ్మెలు, ధోవతి అంచులు అన్నీ పచ్చగా ఉండేవి. బావి దగ్గర ఆయన స్నానం చేస్తే నీళ్ళు కాలువ పొడుగునా పసుపు పారేవి, బాపు తల్లి, మా బాపమ్మ, ఆ నీళ్ళను కరివేపాకు చెట్టుకు మళ్ళించేది. అవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని గడప పక్కన బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించడం, చిటికెడు పొగాకు వేయడం, చుట్టి దారం కట్టడం, ఇదంతా చేతులు చూసుకునేవి, ఆమె కళ్ళు మాత్రం బజారు మీదే ఉండేవి. ఎవరు ఏ దిక్కు పోతున్నారు, సంచిలో ఏముంది, ఎప్పుడొస్తారు, అన్నీ ఆమెకు కావాలి. ఊరు దాటని మనిషికి ఊరు దాటేవాళ్ళ సంగతులంటే అంత ఆత్రం.

ఊరు దాటకపోవడానికి కారణం బస్సు. అవ్వకు బస్సు పడేది కాదు. ఎక్కి కూర్చుంటే చాలు, డీజిల్ వాసనకు కడుపులో దేవేది, పెర్కిట్ రాకముందే కిటికీలోంచి తల బయట పెట్టాల్సి వచ్చేది. నిమ్మకాయలు, చింతపండు, అల్లం ముక్క, ఎవరు చెప్పినవన్నీ చూసింది, ఏదీ పని చేయలేదు. అట్లాంటి తల్లికి నేను కండక్టర్ కొడుకును పుట్టానని తర్వాత మా వాళ్ళు జన్మంతా నవ్వారు. అవ్వకు ఒకే ఒక అక్క. ఆమెను కిన్వట్ ఇచ్చారు. నిర్మల్ దాటి, కొండదారి ఘాటు ఎక్కి, బోథ్ మీదుగా మహారాష్ట్రలోకి పోవాలి. అక్క పెద్ద కూతురి పెళ్ళికి అవ్వ పంతం పట్టి బస్సెక్కింది. ఘాటు సగంలో కళ్ళు తేలేస్తే డ్రైవరే భయపడి దింపేశాడు. రోడ్డు పక్క బండ మీద పడుకోబెట్టి, సాయంత్రం బాపు ఆమెను మక్కజొన్న లారీ మీద, పైన గాలిలో కూర్చోబెట్టి వెనక్కి తెచ్చాడు. పెళ్ళికి తెచ్చిన చీర పెట్టెలోనే ఉండిపోయింది. ఆ లారీ మీద మాత్రం అవ్వకు ఏమీ కాలేదని బాపు గమనించాడు. గాలి తగిలితే ఈమెకు ఏ బాధా లేదన్నమాట అని ఆయన మనసులో రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు బాపు అంకాపూర్‌లో నర్సారెడ్డి అనే రైతు కల్లంలో పసుపు తూచడానికి పోయాడు. నర్సారెడ్డి విత్తనాల వ్యాపారంలో బొంబాయి దాకా తిరిగి, అక్కడ ఎవరో దొర దేశమంతా తిరిగిన పెద్ద మోటర్‌సైకిల్ కొనుక్కొచ్చాడు. పొడుగు సీటు, పక్కల పెట్టెలు, రైలు దీపమంత దీపం. వాళ్ళావిడ దాని మీద కూర్చోనని ఒట్టు పెట్టుకుంది. అది గోనెసంచుల కింద పడి ఉంది. బాపు దాన్ని చూడ్డం నర్సారెడ్డి చూశాడు. మా ఇంటి బర్రె లచ్చి పాలు తోడు పెడితే కత్తితో కోసే పెరుగవుతుందని నర్సారెడ్డికి ముందే తెలుసు.

"బండి తీస్కపో దడ్వాయి. లచ్చిని నాకియ్యి" అన్నాడు.

ఇక్కడే ఉంది చిక్కు. లచ్చి అరణపు బర్రె. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పిల్లకు ఇచ్చే పశువును మా దిక్కు అరణం అంటారు. ఆ పశువు, దాని దూడలు, పాలు అమ్మగా వచ్చినవి, అన్నీ ఆ పిల్లవే. మొగుడు తాడు పట్టి మేతకు తోలవచ్చు గానీ అంగడికి తోలరాదు. బాపు ఇంటికొచ్చి స్నానం చేసి, రొట్టె తిని, చాలాసేపు దగ్గి, చివరికి బండి సంగతి చెప్పాడు. నర్సారెడ్డి ఏం అడిగాడో కూడా చెప్పాడు. ఇయ్యమని మాత్రం అనలేదు. అవ్వ బీడీ చుట్టడం ఆపకుండా, "గాలి తగుల్తదా?" అని ఒక్క మాట అడిగింది.

"బాగ తగుల్తది."

"అయితే ముందుగాల ఓపారి కూసుండి చూద్దాం" అన్నది.

మర్నాడు పొద్దున బాపు బండి తెచ్చాడు. మార్కెట్‌లో సేటు బండి మీద నడపడం నేర్చుకుని ఉన్నాడు. పసుపు కొమ్మును విరిచి, చప్పుడు విని, వాసన చూసి సరుకు చెప్పే మనిషి గదా, బండిలో విరవడానికేమీ దొరక్క ట్యాంకు మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. పక్కింటివాళ్ళ ముందు పెద్దమనిషిలా "సరుకు గట్టిదే" అన్నాడు. హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టబోతే బాపమ్మ అడ్డుపడింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, బేరమే కాలే, బొట్టెందుకురా?" అన్నది. అవ్వ పొగాకు చిటికెడు కొంగున ముడేసుకుంది. దినమంతా ముక్కుకు అలవాటైన వాసన అది, తోడుంటే ధైర్యమని ఆమె నమ్మకం. పోచంపాడ్ దాకా పోయి, గోదారి చూసి, మధ్యాహ్నం అన్నం వేళకు వస్తామని చెప్పి పోయారు. నన్ను తీసుకుపోలేదు. నాకు ఎంత కోపమొచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

అన్నం వేళ దాటింది. సాయంత్రమైంది. బాపమ్మ గడపలో కూర్చుని రోడ్డు మీద ప్రతి చప్పుడుకూ లేచేది. వాళ్ళకు బదులు నర్సారెడ్డి వచ్చాడు.

"ఏదవ్వా నీ కొడుకు? జర చూసొస్త అని బండి తీస్కపోయిండు, మళ్ళ పత్తా లేడు."

బాపమ్మకు లోపల భయమే. అయినా మంచం వాల్చి కూర్చోమని చాయ్ పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి, "పాలు చిక్కగున్నయ్" అని కోపం మధ్యలోనే మెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే తాడు చేతబట్టుకుని మళ్ళీ వచ్చాడు. బండి రాకపోతే బర్రెను తోలుకుపోతానన్నాడు. మా బాపమ్మ కొట్టం వాకిట్లో చీపురుతో అడ్డం నిలబడింది.

"గది నా కొడుకుది గాదు, నాది గాదు. నా కోడలి అరణం. ఆమె రానిది ఎట్ల ముట్టుకుంటవో ముట్టుకో."

నర్సారెడ్డి మా ఇంటిల్లిపాదినీ కొనగలిగిన మనిషి. ఆ మాటకు మాత్రం తాడు చుట్ట చుట్టి మంచం కింద పెట్టి కూర్చున్నాడు. ఆయనకూ ఆడపిల్లలున్నారు, వాళ్ళకూ అరణాలిచ్చాడు. మధ్యాహ్నం బాపమ్మ మక్కగట్క పెడితే తిన్నాడు కూడా. నేను ఆయన చుట్టూ తిరుగుతూ బొంబాయిలో సముద్రం ఎంత పెద్దదని అడుగుతుంటే, మొదట విసుక్కుని తర్వాత చేతులు చాపి చూపించాడు.

పొద్దు వాలుతుండగా బండి చప్పుడు వినిపించింది. అవ్వ దిగింది. నేను మొదట ఆమెను గుర్తుపట్టలేదు. ముఖం నిండా ఎర్రటి దుమ్ము, పెదవులు పగిలిపోయాయి, నవ్వుతోంది. తల మాత్రం నున్నగా దువ్వి గట్టిగా జడ వేసి ఉంది. మా అవ్వ ఎన్నడూ అంత గట్టిగా జడ వేసుకునేది కాదు. గోదారి వంతెన దాకా పోయాక, ఆమెకు కడుపులో ఏమీ కాలేదు, చూసింది చాలని బాపు బండి వెనక్కి తిప్పబోయాడట. అవ్వ ఆయన భుజం పట్టుకుని, ఘాటు దాకా పోదాం అన్నదట. ఘాటు ఎక్కాక ఇక తిప్పమనలేదు, ఆయనా తిప్పలేదు. అట్లా కిన్వట్ పోయి వచ్చారు.

"ఏమయ్యా దడ్వాయి, బండి చూస్తనని దేశం తిరిగొస్తవా?" అని నర్సారెడ్డి లేచాడు. బాపు తల దించుకున్నాడు. ఎంత కిరాయి అంటే అంత ఇచ్చుకుంటానన్నాడు. బాపమ్మ అందుకుని, "ఇగ అయిపాయె గద. అక్కను చూసొచ్చింది. నీ బండి నువ్వు తీస్కపో, మా బర్రె మాకుంటది" అన్నది. అది న్యాయమైన మాటే. పని తీరిపోయింది. బాపు కూడా తలూపాడు. కానీ ఆయన చెయ్యి ఇంకా బండి సీటు మీదే ఉంది, తీయలేకపోయాడు. అడగనూ లేదు.

అవ్వ కాళ్ళు కడుక్కుంది, చెంబెడు నీళ్ళు తాగింది, కొట్టంలోకి పోయింది. లచ్చి నుదుట పసుపు కుంకుమ పెట్టి, గుప్పెడు తౌడు తినిపించి, విప్పి తీసుకొచ్చి తాడు నర్సారెడ్డి చేతిలో పెట్టింది. "మొదటి పెయ్యదూడ మాత్రం నాకియ్యాలె" అన్నది. ఆయన సరే అన్నాడు, తర్వాత మాట నిలబెట్టుకున్నాడు.

"నీకు గిట్ల పిచ్చిలేసిందా?" అన్నది బాపమ్మ. "చూసొస్తివి గదనే!"

"ఒక్కపారి చూస్తే ఒడుస్తదా అత్తా?" అన్నది అవ్వ. అని లచ్చి పోతుంటే చూడలేక ఇంట్లోకి పోయి ఏడ్చింది.

తర్వాత చాలా ఏళ్ళు పసుపు అమ్మకాలు అయిపోగానే కిన్వట్ పోయేవాళ్ళం. నేను ముందు ట్యాంకు మీద, చేతులు దీపం మీద పెట్టుకుని. అవ్వ అక్క, అంటే మా పెద్దవ్వ, చేసే జొన్నరొట్టెలు, ఎర్రటి పల్లికారం, ఆమె చిన్న కూతురు కమలక్క నాకు నేర్పిన మరాఠీ తిట్లు, అన్నీ ఆ బండి పుణ్యమే. బండి ముసలిదైంది, సామాన్లు దొరకడం మానేశాయి, చివరికి కోళ్ళు దాని సీటు మీద గుడ్లు పెట్టేదాకా వచ్చి పాత ఇనుములోకి పోయింది. పెద్దవ్వ పోయింది, బాపు, అవ్వ పోయారు. కమలక్క పెళ్ళయ్యాక కూడా ఆ ఊళ్ళోనే ఉంది. మాకు తగువేమీ లేదు. రోజూ పొద్దున ఫోన్లో పూలబొమ్మ పంపుతుంది, నేనొక దండం పంపుతాను. అంతే.

ఈ కథంతా సుజాతకు చెప్పాను. ఆవిడ విని, "మరి గా రాత్రి అక్కచెల్లెండ్లు ఏం మాట్లాడుకున్నరు?" అని అడిగింది. నాకు తెలియదు. ఇన్నేళ్ళలో తెలుసుకోవాలని తట్టకపోవడమే ఆశ్చర్యంగా అనిపించింది. వెంటనే కమలక్కకు ఫోన్ చేశాను.

"గది ఫోన్ల చెప్పే ముచ్చటనా తమ్మీ?" అన్నది కమలక్క. "వస్తే చెప్త."

రాజేశ్వర్‌కు ఫోన్ చేసి, స్కూటర్ మా ఆవిడది, నా నోటి తొందర, ఆ మాట వాపసు తీసుకుంటున్నానని చెప్పాను. బండి కూడా వద్దులే అన్నాను. కిన్వట్‌కు బస్సులుండగా బండి ఎందుకు? మర్నాడే ఇద్దరం బయల్దేరాం. జేబులో ఉద్యోగుల బస్సు పాస్ పెట్టుకుని ఇన్నేళ్ళు పోనివాడిని, పొద్దున ఎక్కి మధ్యాహ్నానికల్లా దిగాను. అంత దగ్గర. సిగ్గేసింది.

కమలక్క మోకాళ్ళు పట్టుకుని నడుస్తోంది గానీ నోరు అదే. సాయంత్రం గడపలో కూర్చోబెట్టి చెప్పింది. "ఏం మాట్లాడుకోలే తమ్మీ. మీ అవ్వ జుట్టు గాలికి చిక్కులు వడి తాడోలె అయింది. మా అవ్వ ముందట కూసుండబెట్టుకొని నూనె వెట్టి, ఒక్కొక్క చిక్కు తీసింది. పొద్దుగూకినంక సుత తీస్తనే ఉన్నది. పొద్దుగాల గట్టిగ జడేసి పంపింది."

"పోయేటప్పుడన్న పెద్దవ్వ ఏమన్న అన్నదా?"

"అనలే. మళ్ళ ఎప్పుడొస్తవని సుత అడగలే. బండి ఎవల్దో అని తెలుసు, బస్సు పడదని తెలుసు. అడిగితే రానని చెప్పలేక ఏడుస్తదని అడగలే. మీ అవ్వ బండెక్కి రెండు పార్ల మళ్ళి చూసిందట, అడుగుతదేమోనని."

మర్నాడు మధ్యాహ్నం కమలక్క కుంటుకుంటూ బస్టాండు దాకా వచ్చింది. పల్లికారం సీసా సుజాత చేతిలో పెట్టింది, పిల్లల సంగతులడిగింది, ఎండకు తలకు గుడ్డ కట్టుకోమన్నది, నా బీపీ మాత్రల గురించి అడిగింది. బస్సు వచ్చింది. మేం ఎక్కి కూర్చున్నాం. ఆవిడ కిటికీ కింద నిలబడి సీటు బాగుందా అని అడిగింది, ఎండ ఏ పక్క పడుతుందని అడిగింది. ఇంక అడగడానికేమీ లేక నవ్వింది. మళ్ళీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

డ్రైవర్ ఎక్కుతున్నాడు. నేను ఫోన్ తీసి రాజేశ్వర్‌కు చేశాను. పక్కన సుజాత ఆపలేదు, కిటికీ అద్దం పూర్తిగా వెనక్కి జరిపింది.

"రాజేశ్వర్, గా బండి ఎవలకియ్యకు. పైసలు తెస్తున్న. వచ్చే నెల కిన్వట్ పోవాలె" అన్నాను, కింద కమలక్కకు వినపడేటంత గట్టిగా.